తడి చాలలేదు

ఆ ఉదయం కూడా కోడలు ఐదున్నరకే లేచింది. రెండు వారాలుగా ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది బక్కెట్టు చప్పుడుతోనే. కొత్తగా కట్టిన మేడగదుల మీద స్లాబు పోసి పద్నాలుగు రోజులయింది. సన్నని గట్లు కట్టి మడులుగా విడదీసిన ఆ స్లాబు మీద రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. కాంక్రీటు ఎండి గట్టిపడదు, తడిలోనే గట్టిపడుతుంది. ఈ సంగతి ఇంట్లో నలుగురికీ తెలుసు. ఇంటి పెద్ద నలభై ఏళ్లుగా తాపీ పట్టినవాడు. ఎడమచేతి వాటం కావడంతో అందరూ పుర్రచేతి మేస్త్రీ అంటారు. కొడుకు ఆయన ఒప్పుకున్న పనులన్నీ దగ్గరుండి చూసుకుంటాడు. నీళ్లు మోయవలసినది మాత్రం కోడలే అని ఎవరూ నిర్ణయించలేదు. ఎవరూ నిర్ణయించకుండానే అది నిర్ణయమైపోయింది. ఇళ్లలో ఇటువంటివన్నీ అలాగే జరుగుతాయి.

కుళాయి నీరు మేడగదుల దాకా వస్తుంది కాని ఆ పైకి ఎక్కదు. అక్కణ్ణుంచి పద్దెనిమిది మెట్లు. కోడలు ఉదయం పదిహేను బక్కెట్లు మోసి, స్నానం చేసి, నీటిని పరీక్షించే ల్యాబులో ఉద్యోగానికి వెళ్లేది. మధ్యాహ్నం భోజనాల గంటలో బస్సెక్కి ఇంటికి వచ్చి, ఆరు బక్కెట్లు పోసి, అన్నం తినకుండానే తిరుగు బస్సు అందుకునేది. సాయంత్రం మళ్లీ పది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మగవాళ్లిద్దరికీ సైట్లు. పదిహేనో రోజైన ఆ ఉదయం గట్లు తెంచి నీరు వదిలేస్తారు కనుక మోయవలసిన పని లేదు. అలవాటు కొద్దీ లేచింది, అంతే.

ఆరున్నరకు కొడుకు గట్లు తెంచాడు. నీళ్లు గొట్టం గుండా పెరట్లోకి దూకాయి. ఎనిమిదింటికల్లా స్లాబు ఆరసాగింది. ఆరుతున్న సిమెంటు తెల్లబడుతుంది. పగులు ఉన్నచోట మాత్రం తడి లోపల దాక్కుని నల్లని గీతలా మిగులుతుంది.

"నాన్నా, ఒకసారి పైకి రా," అని కొడుకు మెట్ల మీంచి పిలిచాడు. ఆ గొంతు విని అత్తగారు కూడా గోడ పట్టుకుంటూ ఎక్కింది. ల్యాబుకు తయారై భుజాన సంచి వేసుకున్న కోడలు చివర ఎక్కింది.

ఏడు గీతలు. పొట్టివి మూరెడు, పొడుగైనవి నిలువెత్తు. మేస్త్రీ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. వంగి చూడలేదు, చేత్తో తడమలేదు. ఇతరుల ఇళ్లలో గోడకు చెవి ఆనించి మరీ లోపం పట్టే మనిషి, తన ఇంటి స్లాబును పది అడుగుల దూరం నుంచి చూసి తీర్పు చెప్పాడు.

"తడి చాలలేదు."

కొడుకు భార్యవైపు తిరిగాడు. "ఎన్ని పూటలు ఎగ్గొట్టావు?"

"ఒక్క మధ్యాహ్నం. ఆ రోజు బస్సు రాలేదు. పొద్దున్నే గట్ల దాకా నింపి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి ఇంకా అంగుళన్నర నీరుంది."

"కొలిచావా?"

"కొలిచాను. స్కేలు పెట్టి."

"విన్నావా అమ్మా, స్కేలు పెట్టి కొలిచిందట. స్లాబు చొక్కా కుట్టించుకుంటుందనుకుంది కాబోలు."

అత్తగారు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆమె అన్న మాట నవ్వుకంటే చెడ్డది. "కొలతలు మీ ల్యాబులో చూపించుకో అమ్మాయ్. ఇక్కడ పగుళ్లు కళ్లకు కనిపిస్తున్నాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లకు ఏ పడవా దక్కదు."

కిందికి దిగాక కొడుకు తేల్చేశాడు. "ఇంకా మెట్లగది పోయాలి, పిట్టగోడ కట్టాలి, లోపల ప్లాస్టరింగు ఉంది. అన్నిటికీ తడి పెట్టాలి. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేయ్. ఉత్తరం నేనే రాసి పెడతాను, సాయంత్రం సంతకం చేద్దువుగాని."

కోడలు ఆ ల్యాబులో చేరి ఆరేళ్లయింది. నీటిలో క్రిములను లెక్కగట్టే విభాగాన్ని వచ్చే నెల నుంచి ఆమెకే అప్పగిస్తామని పదిరోజుల క్రితం చెప్పారు. ఆ రోజు ఆమె మిఠాయి పొట్లంతో వచ్చింది. స్లాబుకు వేళయిందని పొట్లం బల్ల మీద పెట్టి బక్కెట్టు అందుకుంది. ఇప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు చేయలేదు. మామగారివైపు చూసింది.

"మావయ్యగారూ, మీరూ అదే అంటారా?"

మేస్త్రీ టీ గ్లాసులోకి చూస్తూ, "నేనేమన్నాను? తడి చాలలేదన్నాను. అంతకుమించి ఒక్క మాటన్నానా?" అన్నాడు.

అనలేదు. ఒక్క మాట అని, మిగిలిన పని ఇతరుల నోళ్లకు వదిలేయడం కూడా ఒక పనితనమే.

కోడలు చెప్పులేసుకుంది. గుమ్మం దాటబోయి ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, మేడ మీదికి వెళ్లి, రెండు నిమిషాల తరువాత దిగింది. చేతిలో ఫోను ఉంది. బస్సు కోసం పరుగెత్తుతున్న ఆమె వీపును కిటికీలోంచి చూస్తూ అత్తగారు, తాను అన్నది న్యాయమే అనుకుంది. అంతకంటే కఠినమైన మాటలు పడి బతికిన మనిషి ఆమె.

ఆ సాయంత్రం ఐదున్నరకు కోడలు తిరిగి వచ్చింది. ఉత్తరం బల్ల మీద సిద్ధంగా ఉంది, పక్కన కలంతో సహా. ఆమె దానిని చదివింది, ఒక అక్షరదోషం ఉంటే వేలితో చూపించింది, సంతకం చేయలేదు.

"ఒకసారి అందరూ పైకి రండి. వెలుగుండగానే."

"మళ్లీ ఏమిటి?" అన్నాడు భర్త.

"పొద్దున నలుగురూ నన్నే చూశారు. స్లాబును ఎవరూ చూడలేదు."

"నలుగురెక్కడున్నారు, ముగ్గురమే కదా?"

"నాలుగోదాన్ని నేను. నేనూ నన్నే చూసుకున్నాను, ఎక్కడ తప్పు చేశానా అని."

మామగారు విసుక్కుంటూనే ఎక్కాడు. కోడలు చెంబుతో నీళ్లు తెచ్చి స్లాబు మీద చల్లింది. తడి ఆరుతుండగా గీతలు తేలాయి.

"అత్తయ్యా, చెరువు ఎండిపోతే అడుగున మట్టి ఎలా పగులుతుంది?"

"గళ్లు గళ్లుగా. వల పరిచినట్టు."

"రోజూ పెట్టే తడి చాలక పైపొర ఎండితే ఇక్కడా దాదాపు అలాగే, సన్నని వలలా నెర్రెలు రావాలట. వీటిని చూడండి. అన్నీ ఏటవాలుగా ఒకే దిక్కుకి ఉన్నాయి. ఒకదానికొకటి అడుగున్నర దూరం. ఒక్కటీ అంచుదాకా పోలేదు. ఇవి పోసిన రోజే, కొన్ని గంటల్లోనే వచ్చే పగుళ్లు. కాంక్రీటు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు ఎండా గాలీ పైనున్న తడిని లాగేస్తే, లోపలిది కదలదు, పైది ముడుచుకుని చిరుగుతుంది. మా ల్యాబు పక్కనే సిమెంటు దిమ్మెలు పరీక్షించే గది ఉంది. అక్కడి ఇంజనీరు గారికి ఫోటో చూపించాను. ఆయన ఒక్కటే అడిగారు, పోసిన వెంటనే పైన టార్పాలిన్ పట్టా కప్పారా అని. నాకు తెలియదన్నాను. ఆ రోజు నేను ల్యాబులో ఉన్నాను."

"నా ఇంటి పగుళ్లు పరాయివాళ్లకి చూపించావా?" మేస్త్రీ గొంతు పెద్దదయింది. "నలభై ఏళ్లు తాపీ పట్టాను. చదువుకున్నవాళ్లు దిమ్మెలు పగలగొట్టి చెప్పే మాటలు నాకు చెబుతావా? నేనేదో దాచినట్టు?"

దాచారని ఆమె అనలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకున్నాడు.

కొడుకు కూడా గొంతు కలిపాడు. "నాన్న వేసిన స్లాబులు మీ ల్యాబు పుట్టకముందునుంచీ ఉన్నాయి. మాట్లాడేముందు..."

"నేను మాట్లాడడం అయిపోయింది," అని కోడలు సంచిలోంచి ఒక భూతద్దం తీసి అత్తగారి చేతిలో పెట్టింది. "మీరు చూసి చెప్పండి అత్తయ్యా. మీరు ఏం చెబితే అది. నా తప్పే అంటే కిందికెళ్లి సంతకం చేస్తాను."

అత్తగారు కూర్చోవడానికి కొంత సమయం పట్టింది. మోకాళ్లు ఒకదాని తరువాత ఒకటి ఆనించి, అరచేతుల మీద వంగింది. నూలుపోగంత వెడల్పు పగులు, అద్దంలో కాలవలా కనిపించింది. లోపల అడుగున లేత బూడిదరంగు పదార్థం గడ్డకట్టి ఉంది; అంటే ఎవరో ఈ పగులులో నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు పాలు పోశారు. పైన కోడిగుడ్డు పెంకంత పలచని పొర, పగులు వెంటే మళ్లీ చిట్లి ఉంది. ఆ పొర మీద తాపీ లాగిన చారలు. చంద్రవంకల్లాంటి ఆ చారలు పగులును దాటి అవతలికి పోయాయి. అంటే పగులు ముందు వచ్చింది, తాపీ తరువాత వచ్చింది.

చారలన్నీ ఎడమ నుంచి కుడికి వంగి ఉన్నాయి. మిగతా స్లాబంతా పనివాళ్ల కుడిచేతి వాటం, కుడి నుంచి ఎడమకు. ఈ ఏడు గీతల చుట్టూ మాత్రమే ఎడమచేయి తిరిగింది. ముప్పైమూడేళ్లుగా ఆమె ఆ చేతిని చూస్తోంది. ఆ చేయి గోడకు సున్నం వేసినా అంతే, అద్దం తుడిచినా అంతే, జ్వరంలో ఆమె నుదుటిమీద తడిగుడ్డ అద్దినా అంతే.

ఆమె లేవలేదు. అలాగే వంగి ఉండి అడిగింది. "ఏమండీ, పోసిన రోజు భోజనాలు కాగానే మీరొక్కరే పైకి ఎందుకు వచ్చారు?"

మేస్త్రీ మెట్లవైపు ఒక అడుగు వేశాడు.

"పట్టాలు ఏమయ్యాయి?" ఇది కొడుకును.

"పట్టాలు ఆ రోజు పళ్ల డాక్టరు గారి ఇంటికి పంపాం. ఆయనదీ ఆ రోజే పోశాం కదా. నాన్నే పంపమన్నాడు," అని, చెప్పిన తరువాత ఆ మాట బరువు తెలిసినవాడిలా కొడుకు తండ్రివైపు చూశాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చలో పరువుకోసం ఇంటిని ఎండలో పెట్టాడు.

"సొంత ఇల్లే కదా, సర్దుకుంటుందనుకున్నాను," అన్నాడు చివరకు మేస్త్రీ. "ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. ముప్పైమంది భోజనాలు, గంటన్నర పట్టింది. పైకి వచ్చి చూస్తే గీతలు. సిమెంటు పాలు పోసి తాపీతో లాగేశాను. మూసుకుపోయాయి. కనిపించలేదు."

"మూసుకుపోలేదని ఎప్పుడు తెలిసింది?"

"ఈ పొద్దున."

"ఈ పొద్దున ఏమన్నారు?"

"తడి చాలలేదన్నాను. అది అబద్ధం కాదు."

"కాదు మావయ్యగారూ," అంది కోడలు నెమ్మదిగా. "ఏ రోజు తడో చెప్పలేదు, అంతే."

అత్తగారు భూతద్దం పక్కన పెట్టింది. "ఈ మాట ఇదివరకు ఎన్ని ఇళ్లలో అన్నారు?"

"ఏ మేస్త్రీ అయినా అంటాడు. పగులు వచ్చిందని ఇంటాయన నిలదీస్తే, మీ ఆడవాళ్లు సరిగ్గా తడపలేదండీ అంటాం. అక్కడితో గొడవ ఆగిపోతుంది."

"ఆగిపోదు. మీరు వచ్చేశాక ఇంట్లో మొదలవుతుంది." ఆమె స్వరం పెరగలేదు. "ఏ మేస్త్రీ సంగతీ నాకొద్దు. కింద మన స్లాబు సంగతి చెప్పండి."

కొడుకుకు అర్థం కాలేదు. అతను పుట్టకముందు మాట అది. కింది ఇంటికి స్లాబు పోసిన వారంలో అప్పటికి కొత్త కోడలైన అతని తల్లికి డిగ్రీ ఆఖరి పరీక్షలు. రెండు మధ్యాహ్నాలు పరీక్ష హాలులో ఉండి తడపలేకపోయింది. స్లాబు బీటలిచ్చింది. వానాకాలం పడకగదిలో గిన్నెలు పెట్టవలసి వచ్చేది. చదువుల తల్లి ఇల్లు చిల్లి చేసిందని ఆమె అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పైకి చదివి పాఠాలు చెప్పాలన్న కోరికను ఆమె తనకు తానే, ఎవరూ అడగకుండా, మానుకుంది. తప్పు చేసినవాళ్లు ఏదో ఒకటి చెల్లించాలి కదా అనుకుంది. వాన చుక్క గిన్నెలో పడిన ప్రతిసారీ ఆ రెండు మధ్యాహ్నాలూ గుర్తొచ్చేవి.

మేస్త్రీ తన ఎడమ అరచేతిని చూసుకున్నాడు.

"అప్పుడూ గాలే," అన్నాడు.

కొడుకు చేయి అందిస్తే అత్తగారు వద్దని, తానే లేచి, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగింది. వంటింట్లో గ్లాసులు కడగడానికి నిలబడింది. కడిగిన గ్లాసునే మూడోసారి కడుగుతుంటే కోడలు వచ్చి కుళాయి కట్టేసింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది కనుక ఆగడానికి కూడా తొందరపడలేదు.

"పొద్దున నేనన్న మాట..." అని మొదలుపెట్టింది.

కోడలు అడ్డుపడింది. "ఊరుకోండి అత్తయ్యా, ఫరవాలేదు అనాలని ఉంది. కాని ఫరవా ఉంది. మీ అబ్బాయి అన్నందుకు నాకు అంత బాధ లేదు. ఆయన ఏ రోజూ ఇంట్లో ఉండి చూడలేదు. మీరు చూశారు. ఎన్ని బక్కెట్లు మోశానో మీకు తెలుసు. తెలిసీ అన్నారు."

"తెలిసే అన్నాను. నాకు మా అత్తగారు ఇచ్చినది తీసి నీకిచ్చాను. నా దగ్గర అరగకుండా అలాగే ఉంది, ఏం చేయను." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు పుచ్చుకోకు. ఇక్కడితో వదిలెయ్."

కోడలు అత్తగారి చేతిలోంచి గ్లాసు తీసుకుని బోర్లించి, ఆమె పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబడి మిగిలిన గ్లాసులు కడిగింది.

భర్త ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలుచున్నాడు. దానిని రెండుగా చింపబోయాడు.

"చింపకు. మంచి కాగితం," అంది కోడలు. "వెనక్కి తిప్పి రాయి. మెట్లగది పోసే రోజు పట్టా ఎవరు కప్పుతారు, గాలికి అడ్డం తెర ఎవరు కడతారు, పైనుంచి దిగకుండా ఎవరు కాపలా ఉంటారు. తరువాత ఏ పూట నీళ్లు ఎవరు మోస్తారు. నలుగురమూ ఉండాలి."

"అమ్మ మోకాళ్లు?"

"అత్తయ్య కింద కుర్చీలో కూర్చుని మీరిద్దరూ ఎగ్గొట్టిన పూటలు లెక్కపెడతారు. స్కేలు నేనిస్తాను."

అతను రాయడానికి కూర్చున్నాడు. మొదటి వరుసలో తన పేరే రాసుకున్నాడు. "క్షమించు" అన్న మాట మాత్రం వరుసలన్నీ పూర్తయ్యాక, తల ఎత్తకుండా అన్నాడు. ఆమె విన్నది. వినిపించినట్టు తల ఊపింది. అంతకంటే ఎక్కువ ఆ రోజున ఆమె దగ్గర లేదు.

మర్నాటి నుంచి మేస్త్రీ ఒక్కడే కూర్చుని ఆ ఏడు పగుళ్లను ఉలితో వెడల్పు చేసి, దుమ్ము ఊది, గట్టిపడే మందుతో నింపాడు. ఇల్లు కూలిపోయేంత పగుళ్లు కావవి. వాన దిగకుండా ఆపితే చాలు. పని ముగిసిందనుకుని చేతులు కడుక్కుంటున్న ఆయనకు భార్య చొక్కా తెచ్చి ఇచ్చింది. తాను అప్పటికే చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"గడియారాల షాపాయన ఇంటికి. రెండు నెలల క్రితం అక్కడ పగుళ్లు వచ్చాయని పిలిస్తే వెళ్లి వచ్చారు. ఆ ఇంటావిడ కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయిందని మీరే అన్నం తింటూ చెప్పారు. మనమంతా నవ్వాం. నేనూ నవ్వాను."

"ఇప్పుడు వెళ్లి ఏం చెప్పమంటావు? నా పరువేం కావాలి? రేపు పని ఎవరిస్తారు?"

"అది నాకు తెలియదు. మీ నోటితో అన్న మాట మీ నోటితోనే వెనక్కి తీసుకోవాలి. మీరు రాకపోతే నేను వెళ్లి చెబుతాను. నేను చెబితే మీరు అనుకున్నదానికంటే వివరంగా ఉంటుంది."

ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

గడియారాల షాపాయన ఇంటి తలుపు ఆవిడే తీసింది. మేస్త్రీని చూడగానే ఆమె ముఖం ముడుచుకుపోయింది. మేస్త్రీ గుమ్మం బయటే నిలబడి, చెప్పవలసింది చెప్పాడు. ఆ రోజు పట్టా కప్పలేదని, రెండో ఇంట్లో పని ఉందని మధ్యలో వెళ్లిపోయానని, ఆ పగుళ్లు మొదటి సాయంత్రానికే వచ్చాయని, మీ తడపడంలో లోపం లేదని. చిన్న గొంతుతో, నేలను చూస్తూ, వేగంగా చెప్పాడు.

ఆమె ఆసాంతం విన్నది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. కోపగిస్తుందో ఏడుస్తుందో అని మేస్త్రీ భార్య ఎదురుచూసింది. ఆమె రెండూ చేయలేదు.

"ఒక్క నిమిషం ఉండండి," అని లోపలికి వెళ్లింది. భర్తను పిలిచింది, అతను కంటికి పెట్టుకున్న గడియారాలు బాగుచేసే అద్దంతోనే వచ్చాడు. తరువాత ఒక కుర్చీ తెచ్చి వేసి, ముసలి అత్తగారిని నడిపించుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. తాను వాళ్లిద్దరి మధ్య నిలబడింది.

"మేస్త్రీ గారూ, ఇందాక నాకు చెప్పినదే మళ్లీ చెప్పండి. మా అత్తగారికి కాస్త చెవుడు. గట్టిగా చెప్పాలి."

మేస్త్రీ తన భార్యవైపు చూశాడు. ఆమె ఆయనకు ఒక్క మాట కూడా అందించలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాదమ్మా. కోడలిది కాదు."

"వినపడలేదు," అంది ముసలావిడ.

ఆయన తల ఎత్తి, మళ్లీ చెప్పాడు.